వద్దనేవారికి ఫారం ఏదీ?

మద్యం షాపు కావాలనేవారికి దరఖాస్తు ఉంది, రుసుము ఉంది, లాటరీ ఉంది. వద్దనేవారికి రోడ్డెక్కడం తప్ప దారి లేదు. నెల్లూరు ఆడవాళ్లు 1992లో లేవదీసిన ప్రశ్న ఇంకా జవాబు కోసం చూస్తూనే ఉంది.

2023 ఆగస్టులో తెలంగాణలో ఓ పెద్ద లాటరీ జరిగింది. ఉన్నవి 2,620 మద్యం షాపులు. వచ్చిన దరఖాస్తులు లక్షా 30 వేలకు పైనే. ఒక్కో దరఖాస్తుకు రుసుము 2 లక్షల రూపాయలు. షాపు వచ్చినా రాకపోయినా ఆ డబ్బు వెనక్కి ఇవ్వరు. అంటే ఒక్క సీసా మూత తీయకుండానే, ఒక్క షాపు షట్టరు ఎత్తకుండానే ఖజానాకు 2,600 కోట్ల రూపాయలకు పైగా వచ్చిపడ్డాయి. 2025లో జరిగిన లాటరీకి ఆ రుసుమును 3 లక్షలు చేశారు.

ఆంధ్రప్రదేశ్ ఏం తక్కువ తినలేదు. 2024 అక్టోబరులో అక్కడ 3,396 షాపులకు లాటరీ తీశారు. 90 వేలకు కాస్త అటూ ఇటూగా దరఖాస్తులు వచ్చాయి. అక్కడా రుసుము 2 లక్షలే. వచ్చింది దాదాపు 1,800 కోట్లు.

ఈ తతంగమంతా ఎంత పద్ధతిగా జరుగుతుందో చూశారా! ముందు నోటిఫికేషన్ వస్తుంది. ఆఖరు తేదీ చెబుతారు. ఫారం నింపాలి, ఫొటో అంటించాలి, చలానా కట్టాలి. కలెక్టరు సమక్షంలో, అందరూ చూస్తుండగా చీటీ తీస్తారు. తెలంగాణలో 2021 నుంచి రిజర్వేషన్లు కూడా ఉన్నాయి. గౌడ కులస్థులకు 15 శాతం, ఎస్సీలకు 10 శాతం, ఎస్టీలకు 5 శాతం షాపులు కేటాయిస్తున్నారు. ఎవరికీ అన్యాయం జరగకూడదని ఇంత జాగ్రత్త!

మరి ‘మా వీధిలో ఈ షాపు వద్దు మహాప్రభో’ అనేవాళ్ల సంగతి? వాళ్లకు ఫారం ఎక్కడ దొరుకుతుంది? ఆఖరు తేదీ ఎప్పుడు? చలానా ఎంత?

అలాంటిదేమీ లేదు. అర్జీ రాసి కలెక్టరేట్‌లో ఇచ్చుకోవచ్చు. ధర్నా చేయొచ్చు. బడికీ గుడికీ ఇంత దూరం ఉండాలన్న నిబంధన ఎక్కడైనా తప్పితే టేపు పట్టుకుని కొలిపించుకోవచ్చు. అంతకు మించి, ‘మా ఊళ్లో సగానికి సగంమంది వద్దంటున్నారు, కాబట్టి ఆపండి’ అనే హక్కు మన రెండు రాష్ట్రాల మైదాన ప్రాంతాల్లో ఏ ఊరికీ లేదు.

మద్యం మంచిదా చెడ్డదా అన్న చర్చ ఇక్కడ పెట్టడం లేదు. అది ప్రతి ఇంట్లోనూ జరిగేదే. అసలు సంగతి వేరు. మన ఊళ్లోకి వచ్చే ఒక వస్తువు గురించి, దాని మీద వచ్చే డబ్బు గురించి, దానివల్ల పోయే డబ్బు గురించి నిర్ణయం జరిగేటప్పుడు మన మాట ఎక్కడ వినబడుతోంది? ప్రజాస్వామ్యం అంటే అయిదేళ్లకోసారి వేలికి సిరా చుక్కేనా? ఈ ప్రశ్నకు మన దగ్గరే ఓ పెద్ద కథ ఉంది.

వాచకంలోంచి వీధిలోకి

1991లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. పగలంతా కూలి చేసుకుని రాత్రిపూట లాంతరు ముందు కూర్చుని అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్లు వేలల్లో ఉన్నారు. వాళ్లకిచ్చిన వాచకంలో ఒక పాఠం ఉంది. ఓ ఊళ్లో ఆడవాళ్లంతా కలిసి సారా దుకాణం మూయించిన కథ అది. చదువు నేర్పడానికి పెట్టిన పాఠం కాస్తా దారి చూపించింది. 1992లో దూబగుంట ఆడవాళ్లు నిజంగానే తమ ఊళ్లో సారా దుకాణం మూయించారు. వాళ్లలో ముందున్న రోశమ్మ పేరు ఆ తర్వాత ఊరి పేరుతో కలిసిపోయి, ఆమె రాష్ట్రమంతటికీ దూబగుంట రోశమ్మ అయింది.

అక్కడినుంచి మంట ఊరూరికీ పాకింది. చీపుర్లు, కారప్పొడి పట్టుకుని దుకాణాల ముందు కాపలా కాశారు. సారా వేలంపాటలు జరిగే చోటికే వెళ్లి అడ్డుపడ్డారు. జిల్లాలో పాటలు పదే పదే వాయిదా పడ్డాయి. ఏ పార్టీ జెండా లేకుండా మొదలైన ఉద్యమం వెనక పార్టీలన్నీ నడవాల్సి వచ్చింది.

ఆ కోపానికి కారణం ఊరికే పుట్టలేదు. రాష్ట్రంలో ఆబ్కారీ ఆదాయం 1970-71లో 39 కోట్ల రూపాయలుండేది. 1991-92 నాటికి అది 800 కోట్లు దాటింది. ‘వారుణి వాహిని’ పేరుతో సర్కారీ సారా పాకెట్లలో ఊరూరికీ చేరింది. అంతకుముందు కావాలంటే నడిచి వెళ్లి తాగాల్సిన సరుకు, ఇప్పుడు ఇంటి గుమ్మం దాకా వచ్చింది. ఖజానాకు పోయే ప్రతి రూపాయీ ముందు ఎవరి కొంగు ముడిలోంచి వెళ్తోందో ఆడవాళ్లకు బాగా తెలుసు. అందుకే లెక్క అడిగారు.

వాళ్లు గెలిచారు కూడా. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం సారాను నిషేధించింది. 1994 ఎన్నికల్లో ఎన్టీ రామారావు సంపూర్ణ మద్యనిషేధం హామీ ఇచ్చారు. 294 స్థానాలున్న అసెంబ్లీలో తెలుగుదేశానికి 216 వచ్చాయి. కాంగ్రెస్ 26 దగ్గర ఆగిపోయింది. డిసెంబరు 12న ప్రమాణ స్వీకారం చేసిన వేదిక మీదే ఆయన మద్యనిషేధం ఫైలు మీద సంతకం పెట్టారు. 1995 జనవరి 16 నుంచి నిషేధం అమల్లోకి వచ్చింది. ఒకప్పుడు సారా పాకెట్లను ఊళ్లలోకి పంపిన పథకం కూడా ఎన్టీఆర్ హయాంలోదే. అదే చేత్తో దాన్ని మూయించింది జనం ఒత్తిడి. ఓటు బలం అంటే ఇదీ.

కథ ఇక్కడితో అయిపోతే ఎంత బాగుండేది!

లెక్కల గది తలుపు

నిషేధం వచ్చింది సరే, పోయిన ఆదాయం ఎక్కడినుంచి రావాలి? అప్పటికే రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం మళ్లీ మొదలైంది. అటు రాబడి తగ్గింది, ఇటు ఖర్చు పెరిగింది. ఇంటి యజమాని జీతం సగానికి పడిపోయిన నెలలోనే కూతురి పెళ్లి పెట్టుకున్నట్టయింది సర్కారు పని. పక్క రాష్ట్రాల నుంచి దొంగతనంగా సరుకు రావడం, నాటుసారా బట్టీలు వెలవడం సరేసరి.

1995 సెప్టెంబరులో చంద్రబాబు నాయుడు ముఖ్యమంత్రి అయ్యారు. 1996లో సబ్సిడీ బియ్యం ధర కిలో రెండు రూపాయల నుంచి మూడున్నరకు పెరిగింది. 1997లో మద్యనిషేధాన్ని ఎత్తేశారు. ఆదాయం లేదు, దొంగ సరుకు ఆగడం లేదు అన్నవే ప్రభుత్వం చెప్పిన కారణాలు. సారా మీద నిషేధాన్ని మాత్రం అలాగే ఉంచారు. అది ఈనాటికీ ఉంది. కాకపోతే సారా పాకెట్ పోయిన చోట చీప్ లిక్కర్ క్వార్టర్ సీసా కూర్చుంది.

ఆ నిర్ణయం తప్పా ఒప్పా? రెండు వైపులా వాదనలున్నాయి. ఖాళీ ఖజానాతో బడులూ ఆస్పత్రులూ నడవవు. బియ్యం ధర పెంచడమా, మద్యం అమ్మడమా అన్న ఇరకాటంలో ఏ ప్రభుత్వమైనా ఏదో ఒకటి ఎంచుకోవాల్సిందే. ఒకటి కావాలంటే ఇంకొకటి వదులుకోక తప్పని చోటే పాలన మొదలవుతుంది.

అయితే ఒక్క సంగతి గమనించండి. దుకాణం మూయించేటప్పుడు ముందు నిలబడిన ఆడవాళ్లు, మళ్లీ తెరవాలా వద్దా అన్న చర్చలో ఎక్కడున్నారు? ‘అమ్మా, ఇన్ని వందల కోట్లు తగ్గుతోంది. బియ్యం ధర పెంచమంటారా, వేరే పన్ను వేయమంటారా, షాపు తెరవమంటారా?’ అని ఏ గ్రామసభలోనైనా అడిగారా? లేదు. వాళ్లకు వీధి దక్కింది కానీ లెక్కల గది తలుపు తెరుచుకోలేదు. ‘వద్దు’ అనగలిగారు. ‘బదులుగా ఇది చేయండి’ అనే అవకాశం వాళ్లకు రాలేదు.

‘1999లో అదే ప్రభుత్వాన్ని జనం మళ్లీ గెలిపించారు కదా, అంటే ఒప్పుకున్నట్టే కదా’ అనొచ్చు. నిజమే, గెలిపించారు. కానీ ఆ ఓటు దేనికి? కరెంటుకా, రోడ్లకా, కులానికా, అభ్యర్థికా, ఢిల్లీలో ఎవరుండాలన్నదానికా, మద్యానికా? పది ప్రశ్నలున్న పరీక్షకు ఒకే ఒక్క టిక్కు పెట్టమంటే, ఆ టిక్కు ఏ ప్రశ్నకు జవాబో ఎవరు చెప్పగలరు? ఎన్నికల ఓటుకు ఉన్న పెద్ద లోటు ఇదే. ఎవరు పాలించాలో అది చెబుతుంది. ఏది వదులుకుని ఏది ఉంచుకోవాలో చెప్పలేదు.

రాజాజీ బిల్లు చేతిలో పెట్టాడు

ఈ ఇరకాటం కొత్తదేం కాదు. మన తాతల కాలం నాటిదే.

1937లో సి.రాజగోపాలాచారి మద్రాసు ప్రెసిడెన్సీ ప్రధాని అయ్యాక అక్టోబరు 1 నుంచి తన సొంత జిల్లా సేలంలో మద్యనిషేధం పెట్టారు. ఏడాది తిరిగేసరికి మన చిత్తూరు, కడప జిల్లాలకూ దాన్ని తెచ్చారు. అప్పుడూ ఇదే ప్రశ్న వచ్చింది. కల్లు పాటల మీద వచ్చే డబ్బు పోతే ఎలా? రాజాజీ దాపరికం లేకుండా ఒక పని చేశారు. 1939లో అమ్మకం పన్ను చట్టం తెచ్చారు. వ్యాపారులు గగ్గోలు పెట్టారు. అయినా వెనక్కి తగ్గలేదు. తాగుడు మానాలంటే దాని ఖర్చు అందరం తలా కాస్త మోయాలి అన్నది ఆ చట్టంలోని మాట. అంటే నిషేధమనే విస్తరితో పాటే బిల్లు కూడా చేతిలో పెట్టారన్నమాట. విచిత్రం ఏమిటంటే, ఆ మద్యనిషేధం ఎప్పుడో పోయింది. ఆనాటి అమ్మకం పన్ను మాత్రం పేర్లు మార్చుకుంటూ, వ్యాట్ అయి, 2017లో జీఎస్టీలో కలిసేదాకా మనతోనే ఉంది.

ఇక ఆంధ్ర రాష్ట్రం పుట్టిన ఏడాదికే మద్యం ఒక ప్రభుత్వాన్ని పడగొట్టింది. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఏర్పడిన రాష్ట్రానికి టంగుటూరి ప్రకాశం ముఖ్యమంత్రి. మద్రాసు నుంచి వారసత్వంగా వచ్చిన నిషేధం సత్ఫలితం ఇవ్వలేదనీ, ఎత్తేయడమే మేలనీ రామమూర్తి కమిటీ చెప్పింది. కల్లుగీత మీద బతికే కుటుంబాలు పొట్టకూటి కోసం రోడ్డెక్కాయి. గౌతు లచ్చన్న వాళ్ల పక్షాన నిలిచారు. ప్రభుత్వం మాత్రం నిషేధాన్ని వదల్లేదు. 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానం మీద ఒకే ఒక్క ఓటు తేడాతో ప్రకాశం ప్రభుత్వం కూలిపోయింది.

ఈ రెండు కథల్లో గమనించాల్సింది ఒకటుంది. మద్యం వద్దన్నా కావాలన్నా ఎవరో ఒకరు మూల్యం చెల్లిస్తారు. వద్దంటే గీత కార్మికుడు, పన్ను కట్టేవాడు, పథకం మీద ఆధారపడినవాడు. కావాలంటే ఇల్లాలు, పిల్లలు, చివరికి తాగేవాడి ఒళ్లు. నొప్పి లేని దారి లేదు. ఉందని చెప్పేవాళ్లను నమ్మకపోవడమే మంచిది.

తిలాపాపం తలా పిడికెడు

ఇప్పటి పరిస్థితి అప్పటికంటే చిక్కుముడి. 2017లో జీఎస్టీ వచ్చాక రాష్ట్రాలు తమంతట తాము వేసుకోగల పన్నులు బాగా తగ్గిపోయాయి. తాగే మద్యాన్ని జీఎస్టీ బయటే ఉంచారు. పెట్రోలు, డీజిలు కూడా ప్రస్తుతానికి బయటే ఉన్నాయి. కాబట్టి డబ్బు కావాల్సినప్పుడల్లా ఏ ప్రభుత్వం చెయ్యయినా ముందుగా పోయేది ఈ రెండు వైపులకే.

ఆంధ్రప్రదేశ్ అనుభవమే చూడండి. 2014 జూన్‌లో కొత్త ముఖ్యమంత్రి తొలి సంతకాల్లో బెల్టు షాపుల రద్దు ఒకటి. 2019లో వచ్చిన మరో ప్రభుత్వం దశలవారీ మద్యనిషేధం హామీతో గెలిచింది. ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి షాపులను సర్కారే నడిపింది. 4,380 షాపులను 3,500కు తగ్గించింది. ధరలు బాగా పెంచింది. 2022 జూన్‌లో అదే రాష్ట్రపు బెవరేజెస్ కార్పొరేషన్ బాండ్లు అమ్మి 8 వేల కోట్ల రూపాయలకు పైగా అప్పు తెచ్చింది. రేపటి మద్యం ఆదాయం చూపించి ఇవాళ తెచ్చే అప్పు తీరాలంటే రేపు కూడా మద్యం అమ్మాల్సిందే కదా! 2024లో ప్రభుత్వం మారింది. షాపులు మళ్లీ ప్రైవేటు చేతుల్లోకి వెళ్లాయి. క్వార్టర్ 99 రూపాయలకు దొరకడం ఒక విజయంగా ప్రచారమైంది.

ఒక పార్టీని తిట్టి ఇంకో పార్టీని మెచ్చుకోవడానికి ఇందులో చోటే లేదు. తిలాపాపం తలా పిడికెడు. ఆ పిడికెడులో మన వాటా కూడా ఉంది. పింఛను పెరగాలి, ఫీజు కట్టాలి, ఆస్పత్రిలో ఉచితంగా వైద్యం జరగాలి, బస్సు టికెట్టు ఉండకూడదు, పన్ను మాత్రం పెరగకూడదు అని మనమే కోరుకుంటాం. ఆ కోరికల మూటకు డబ్బు ఎక్కడినుంచి వస్తోందని మాత్రం అడగం. అడగనంత కాలం చెప్పాల్సిన అవసరం వాళ్లకూ లేదు.

పైనుంచి దిగితే...

‘అయితే ఒక్క దెబ్బతో మూసిపారేస్తే పోలా?’ అనిపిస్తుంది. బీహార్ ఆ పని చేసి చూసింది. 2015 జులైలో పాట్నాలో జరిగిన ఓ సభలో మహిళలు లేచి మద్యం ఆపాలని అడిగారు. మళ్లీ గెలిస్తే ఆపుతానని నితీశ్ కుమార్ మాట ఇచ్చారు, గెలిచారు, 2016 ఏప్రిల్‌లో నిషేధం పెట్టారు. మొదట్లో చట్టం ఎంత కఠినంగా ఉందంటే, జైళ్లు నిండాయి, కోర్టుల్లో కేసులు కొండలా పేరుకున్నాయి. 2018లో ఒకసారి, 2022లో మరోసారి చట్టాన్ని మెత్తబరచక తప్పలేదు. మొదటిసారి తాగి పట్టుబడినవాణ్ని జరిమానాతో వదిలేసేలా మార్చారు. 2022 డిసెంబరులో సారణ్ జిల్లాలో కల్తీసారా తాగి పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. పోయినవాళ్లలో ఎక్కువమంది రెక్కాడితే గానీ డొక్కాడనివాళ్లే.

అలాగని బీహార్ ఆడవాళ్లు అడిగింది తప్పని కాదు. చాలా ఇళ్లలో తన్నులు తగ్గాయని, నాలుగు రూపాయలు మిగిలాయని చెప్పేవాళ్లు అక్కడ తక్కువేం కాదు. కానీ రాష్ట్రమంతటికీ ఒకే తాళం వేసినప్పుడు, వద్దనుకున్న ఊరికీ కావాలనుకున్న ఊరికీ తేడా ఉండదు. ఊరు తనకు తానుగా తీసుకున్న నిర్ణయాన్ని ఊరే కాపాడుకుంటుంది. పైనుంచి దిగినదాన్ని పోలీసే కాపాడాలి. పోలీసు ఎంత కాలం కాపలా ఉంటాడో, ఎలా ఉంటాడో మనకు తెలియనిది కాదు.

నిలువు సీసా, అడ్డ సీసా

పూర్తిగా మూయడం, పూర్తిగా తెరవడం... ఈ రెంటికీ మధ్య ఇంకో దారి ఉంది. అది మన పొరుగునే ఉన్న మహారాష్ట్రలో ఉంది.

అక్కడ ఒక ఊళ్లోనో, వార్డులోనో మద్యం షాపు వద్దనుకుంటే మహిళా ఓటర్లలో నాలుగో వంతు మంది సంతకాలు పెట్టి అర్జీ ఇవ్వొచ్చు. సంతకాలు సరిచూసి అధికారులు రహస్య ఓటింగ్ పెడతారు. చదువు రానివాళ్లకూ అర్థమయ్యేలా బ్యాలెట్ మీద రెండు బొమ్మలు ఉంటాయి. నిలబడ్డ సీసా ఒకటి, పడుకున్న సీసా ఒకటి. నిలువు సీసాకు ఓటేస్తే షాపు ఉంటుంది. అడ్డ సీసాకు సగం కంటే ఎక్కువమంది ఓటేస్తే షాపు పోతుంది. ఇక్కడ సగం అంటే వచ్చి ఓటేసినవాళ్లలో సగం కాదు, జాబితాలో ఉన్నవాళ్లలో సగం. ఇంట్లో కూర్చున్న ప్రతి ఓటరూ షాపు పక్షాన నిలబడ్డట్టే. అందుకే అడ్డ సీసా గెలవడం అంత తేలిక కాదు. అయినా ఆడవాళ్లు ఇల్లిల్లూ తిరిగి గెలిపించుకున్న ఊళ్లున్నాయి.

రాజస్థాన్‌లో కూడా 1975 నుంచి ఇలాంటి నిబంధన ఉంది. 2016 మార్చిలో రాజ్‌సమంద్ జిల్లాలోని కాఛబలీ గ్రామం దాన్ని వాడుకుంది. మహిళా సర్పంచి ముందుండి నడిపించారు. పోలింగ్ పెట్టారు. ఊరు భారీ మెజారిటీతో దుకాణం వద్దంది.

మన దగ్గర అసలు లేదా అంటే... ఉంది. కొండల మీద ఉంది! 1996లో పార్లమెంటు చేసిన పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల్లో మత్తు పదార్థాల అమ్మకాన్ని నిషేధించడానికి, నియంత్రించడానికి గ్రామసభకు, పంచాయతీకి అధికారం ఇవ్వాలని చెప్పింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దానికి 1998లో చట్టం, 2011లో నియమావళి వచ్చాయి. పాడేరులోని గిరిజనుడికీ, ఉట్నూరులోని గోండుకూ చట్టం కాగితం మీదైనా ఇచ్చిన మాట, నెల్లూరు రైతుకూ నల్గొండ కూలికీ లేదు. దేశానికి ఈ దారి చూపించిన దూబగుంటకే లేదు. ఇదేం న్యాయం?

‘కుదరదు’ అనేవాళ్లకు

ఇలా ఊరూరా ఓటు పెడితే ఇబ్బందులు లేవా? ఉన్నాయి. దాచడం దేనికి?

ఒక ఊళ్లో మూస్తే పక్క ఊళ్లో క్యూ పెరుగుతుంది. తాగేవాడు బండేసుకుని పదికిలోమీటర్లు వెళ్లి, తిరిగొస్తూ ఏ కాల్వలోనో పడొచ్చు. షాపు పోయినా బెల్టు షాపు రాదన్న నమ్మకం లేదు. ఓటుకు ముందు రోజు రాత్రి డబ్బు, సీసాలూ పంచరన్న హామీ అంతకన్నా లేదు. తాగడం నా ఇష్టం, ఊరెవరు ఆపడానికి అనేవాడి మాటకూ విలువ ఉంది. షాపులో పనిచేసే నలుగురి జీతాల సంగతీ చూడాలి.

వీటికి చిటికెలో జవాబులు లేవు. కానీ ఒకటి ఆలోచించండి. ఈ ఇబ్బందులన్నీ ఇప్పుడు లేవా? ఉన్నాయి. కాకపోతే వాటిని తూచేది మనం కాదు, ఎక్కడో ఒక ఆఫీసులో, ఆదాయం టార్గెట్ ముందు పెట్టుకున్నవాళ్లు. తూకం తప్పినప్పుడు దెబ్బ తగిలేది మాత్రం మనకే.

‘ఊరూరా సభ పెట్టి అడగడం అయ్యే పనేనా’ అన్న అనుమానం వస్తే, దానికీ సాక్ష్యం ఉంది. 2024 ఆగస్టు 23న ఆంధ్రప్రదేశ్‌లోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు జరిపారు. ఉపాధి హామీ కింద ఏ పనులు చేపట్టాలో తీర్మానాలు చేయించారు. సిమెంటు రోడ్డు కావాలా, పశువుల తొట్టె కావాలా అని అడగగలిగిన యంత్రాంగానికి, ఈ షాపు ఇక్కడ ఉండాలా వద్దా అని అడగడం కష్టమేమీ కాదు. కావాల్సింది మనసు.

రెండు కాగితాలు

మరి ఏం అడగాలి? పెద్ద పెద్ద మాటలు అక్కర్లేదు. రెండు కాగితాలు చాలు.

మొదటిది, వద్దనే ఫారం. షాపు నోటిఫికేషన్ వచ్చిన రోజే ఊళ్లో, వార్డులో మరో నోటీసు కూడా అంటించాలి. ఇంత శాతం మంది సంతకాలతో ఇన్ని రోజుల్లో అభ్యంతరం చెబితే ఓటింగ్ పెడతామని అందులో ఉండాలి. దరఖాస్తుకు 2 లక్షలు, 3 లక్షలు కట్టగలిగినవాడి మాట వినడానికి అంత ఏర్పాటు చేసినప్పుడు, రూపాయి లేనివాళ్ల మాట వినడానికి ఒక కాగితం ఖర్చు పెట్టలేరా?

రెండోది, లెక్కల కాగితం. ఈ మండలంలో మద్యం అమ్మకాల మీద ప్రభుత్వానికి ఏటా ఎంత వచ్చింది, అదే మండలానికి బడికీ, ఆస్పత్రికీ, పింఛన్లకూ ఎంత వెళ్లింది అన్నది గ్రామసభలో చదివి వినిపించాలి. అప్పుడు ‘షాపు మూయండి’ అనే నోటితోనే ‘తగ్గే డబ్బుకు బదులు ఇదిగో ఈ ఖర్చు ఆపండి’, ‘ఇదిగో ఈ పన్ను మేం కడతాం’ అని చెప్పే ధైర్యం ఊరికి రావాలి. అలా చెప్పలేకపోతే షాపు ఉండనిస్తున్నది మనమేనని ఒప్పుకోవాలి. రెండూ ప్రజాస్వామ్యమే. తెలిసి చేసే పని ఏదైనా, తెలియక చేయించుకునే దానికంటే మేలు.

ఇదంతా సామాన్యుల వల్ల అవుతుందా అంటారేమో. సారా ఉద్యమం ముగిశాక నెల్లూరు ఆడవాళ్లు ఊరికే కూర్చోలేదు. దుకాణానికి పోకుండా ఆపిన డబ్బులోంచి రోజుకో రూపాయి చొప్పున దాచుకోవడం మొదలుపెట్టారు. ‘పొదుపు లక్ష్మి’ పేరుతో ఆ సంఘాలు జిల్లా అంతటా అల్లుకున్నాయి. పుస్తకం రాశారు, బాకీలు వసూలు చేశారు, బ్యాంకు మేనేజరు ఎదుట కుర్చీ వేసుకుని కూర్చున్నారు. రోజుకో రూపాయి లెక్క తప్పకుండా రాసుకున్న ఆ చేతులకు రాష్ట్రం లెక్క చూపిస్తే అర్థం కాదా?

ఆడవాళ్లకు లెక్కలు రావన్నది ఎప్పుడూ నిజం కాదు. వాళ్లకు లెక్కల పుస్తకం ఇవ్వలేదు, అంతే.